ఎనిమిది కాళ్ల విరహం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మంచుమీద హాకి మాయూరి యాటరా
ఇచటివారి గోల యెట్టి గోల
ఎనిమిదేసి కాళ్లదెగిరివచ్చి పడక
కప్పు గెలిచి యేమి కార్యమోయి

అవతారిక: ఈ పద్యం డాలస్ నగరంలో, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ పై అంతస్తు సీట్లలో, రెండో పీరియడ్‌కీ మూడో పీరియడ్‌కీ నడుమ విరామంలో ఆశువుగా పుట్టింది. కవిది తెనాలి. అయినా ‘మా ఊరు’ అని ఆయన నోట వస్తే అది డెట్రాయిటే. చదువు అక్కడ, కార్ల కంపెనీలో కొలువు అక్కడ, నోవైలో ఇల్లు. ఉద్యోగం మారి డాలస్ దగ్గరి ఫ్రిస్కో చేరాడు. తెనాలి మీద ఆయన ఇంత బెంగ ఎన్నడూ పెట్టుకోలేదు. తెనాలివాళ్లు ఈ సంగతి ఇంకా గమనించలేదు.

ప్రతిపదార్థం: మంచుమీద = గడ్డకట్టిన నీటిమీద; హాకి = కర్రలతో నల్లని రబ్బరు బిళ్లను తరిమే క్రీడ; మాయూరి యాటరా = మా ఊళ్లో పుట్టినంత పని చేసిన ఆటరా.

‘మంచుమీద’ అనడం ధ్యాన్‌చంద్ హాకీ కాదని చెప్పడానికే అని కొందరు తేల్చేశారు. అంతటితో సరిపోదు. మిషిగన్‌లో చలికాలం చెరువులు వాటంతటవే గడ్డకడతాయి. పెరట్లో నీళ్లు పోసి పెడితే తెల్లారేసరికి పిల్లలకు ఆటస్థలం తయారు. డాలస్‌లో ఆ మంచు యంత్రాల పుణ్యం. ప్లేఆఫ్స్ నాటికి బయట కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆకాశం ఇచ్చిన మంచును, కరెంటు బిల్లు ఇచ్చిన మంచును కవి ఒకే గాటన కట్టలేడు.

శంక: ‘మాయూరి యాట’ అనడం చెల్లుతుందా? 1926లో డెట్రాయిట్ వాళ్లు జట్టు పెట్టినప్పుడు ఆటగాళ్లను కెనడాలోని విక్టోరియా జట్టునుంచి కొని తెచ్చుకున్నారు. ఊళ్లో స్టేడియం పూర్తికాక మొదటి సీజన్ సొంత మైదానం మ్యాచ్‌లన్నీ నది దాటి విండ్సర్‌లో, అంటే పరదేశంలో, ఆడారు. రెడ్ వింగ్స్ అనే పేరు కూడా 1932 దాకా లేదు.

సమాధానం: చెల్లుతుంది. వలస వచ్చినవాడు ‘మా ఊరు’ అన్నంత గట్టిగా అక్కడ పుట్టినవాడు అనడు. జట్టుకైనా కవికైనా ఇదే న్యాయం.

రెండో పాదం. ఇచటివారి = డాలస్ వారియొక్క; గోల = కేకలు; యెట్టి గోల = ఇదీ ఒక గోలేనా. మ్యాచ్‌కి ముందు జాతీయగీతం పాడుతుండగా, నక్షత్రాల ప్రస్తావన వచ్చే రెండు చోట్లా ఇక్కడి జనం ‘స్టార్స్!’ అని తమ జట్టు పేరు అరుస్తారు. మొదటిసారి విన్నప్పుడు కవి ఉలిక్కిపడి, గీతానికి అపచారం జరిగిందని పక్క సీటుకు ఫిర్యాదు చేశాడట. టీకాకారుడు పక్షపాతం లేకుండా ఒక మాట చెప్పాలి. డెట్రాయిట్‌లో జర్నీ బృందం పాట ఒకటి పెట్టి, ఊరి పేరు వచ్చేచోట సంగీతం ఆపేస్తే, జనమంతా గొంతు చించుకుంటారు. ఆ పాట ఊరికి దక్షిణాన ఒక పేట ఉన్నట్టు చెబుతుంది. డౌన్‌టౌన్‌నుంచి దక్షిణానికి నడిస్తే తగిలేది నది, ఆవల విండ్సర్. లేని పేటకోసం అరిచినవాళ్లు ఉన్న జట్టుకోసం అరిచేవాళ్లను తప్పుపట్టడం సబబేనా? కవి మాత్రం తగ్గడు.

మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. ఎనిమిదేసి కాళ్లది = ఆక్టోపస్; ఎగిరివచ్చి = ప్రేక్షకుల సీట్లనుంచి; పడక = మంచుమీద పడకుండా. 1952 ఏప్రిల్ 15న డెట్రాయిట్ ఒలింపియా స్టేడియంలో పీట్, జెర్రీ కుసిమానో అనే అన్నదమ్ములు ఆక్టోపస్ విసిరే ఈ ఆచారాన్ని ప్రారంభించారు. ఈస్టర్న్ మార్కెట్‌లో వాళ్లకు చేపల దుకాణం. ఆనాడు స్టాన్లీ కప్పు దక్కాలంటే ఎనిమిది గెలుపులు చాలు. ఒక్కో కాలికి ఒక్కో గెలుపు అని లెక్కగట్టి విసిరారు. జట్టు ఆ ఏడు ఒక్కటీ ఓడకుండా ఎనిమిదీ గెలిచింది. ఇక ఆ ఊరు మానుతుందా?

‘ఎనిమిదేసి’ అన్నాడేమి, ‘ఎనిమిది’ అంటే చాలదా అని ఛాందసులు అడుగుతారు. గణంకోసం పొడిగించాడని చెప్పి తప్పుకున్న వ్యాఖ్యాతలున్నారు. వారికి హాకీ తెలియదు. 1987నుంచి కప్పుకు పదహారు గెలుపులు కావాలి. అంటే శాస్త్రప్రకారం రెండు ఆక్టోపస్‌లు, ఒక్కొక్కదానికి ఎనిమిదేసి కాళ్లు. కవి ఎంత లెక్కగా రాశాడో చూడండి.

దీనికి ఆచారకాండ కూడా ఉంది. విసిరేముందు ఉడికించాలి; పచ్చిది మంచుకు అంటుకుని బంక వదులుతుంది. చొక్కా లోపల ప్లాస్టిక్ సంచిలో దాచి తేవాలి. పడినదాన్ని, మంచును నునుపుచేసే జాంబోనీ బండి నడిపే అల్ సొబొట్కా చేత్తో పట్టుకుని తలపైన గిరగిరా తిప్పేవాడు, జనం ఊగిపోయేవారు. తిప్పినప్పుడు దాని తుంపరలు మంచుమీద పడుతున్నాయని 2008లో లీగ్ ఆ ముచ్చటను నిషేధించింది. నీచు ముట్టని ఇంట పుట్టిన మన కవి ఆ జీవిని ఎక్కడ ఉడికించాడనే ప్రశ్నకు పండితులు మౌనం వహించారు. గ్యారేజీలో అని వాళ్లావిడ ప్రమాణం.

రసం విప్రలంభ శృంగారమే. ఆలంబనం మాత్రం ఆక్టోపస్.

డాలస్‌లో కవి ఇది చెప్పబోతే, ఎందుకు విసురుతారు, పోలీసులు పట్టుకోరా, తర్వాత దాన్ని వండుకుంటారా అని అడుగుతారు. డెట్రాయిట్‌లో ఎవరూ అడగరు. కవి దుఃఖమంతా ఆ అడగకపోవడం గురించే అని మా అభిప్రాయం. ఆట ఇక్కడా అదే ఆట. పైగా స్టేడియం బయట నిలువెత్తు విగ్రహంగా నిలిచిన మైక్ మొడానో, డాలస్ వారి ఆరాధ్యదైవం, డెట్రాయిట్ పొలిమేరలోని లివోనియాలో పుట్టినవాడే. కొమెరికా బ్యాంకు సైతం 2007లో డెట్రాయిట్ వదిలి డాలస్ చేరింది. అది పద్యాలు రాసిన దాఖలా లేదు.

నాలుగో పాదం: కప్పు గెలిచి యేమి కార్యము = గెలిచి ప్రయోజనమేమి. ఇందులో వైరాగ్యం ధ్వనిస్తోందన్నారు ఒకరు. అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్నది మా పక్షం. రెడ్ వింగ్స్ చివరిసారి కప్పు ఎత్తింది 2008లో. కవి కూతురు, ఫ్రిస్కోలో పుట్టి ఆకుపచ్చ జెర్సీ తొడిగే పిల్ల, ఈ పాదాన్ని ‘కప్పు గెలిచినపుడె కార్యమౌను’ అని చదువుతుంది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. ఆ పాఠాన్ని ఇంట్లో ఒప్పుకోవడంలేదు.

ఇక మిగిలింది సంబోధన. మొదటి పాదంలో ‘రా’ అన్నవాడు చివరికి ‘ఓయి’ అని ఎందుకు దూరం జరిగాడు? పక్క సీట్లో ఉన్నది బావమరిది. టికెట్లు ఆయనవే, చేతిలో నాచోస్ ఆయనవే. మూడు పాదాలూ ఓపిగ్గా విని, ఆయన తాపీగా, ‘బావా, అంతా బానే ఉంది గానీ, మీవాళ్లు 2016 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ ఎప్పుడు ఆడారు?’ అన్నాడు. ‘ఓయి’ అక్కడ పుట్టింది. మూడో పీరియడ్ అంతా ఇద్దరికీ మాటల్లేవు. తర్వాతి మ్యాచ్‌కీ టికెట్లు బావమరిదే కొన్నాడు.