రాయికి రక్ష

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక వరంగల్ చుట్టుపక్కల ఊళ్లకు తమ రాళ్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మంచిదే. అంతకుముందు పాత గుడి అంటే ఎనామిల్ పెయింటు కొట్టడానికో, టైల్స్ పరచడానికో తప్ప గుర్తొచ్చేది కాదు.

అలాంటి ఒక ఊళ్లో, చెరువు మత్తడి దగ్గర తరతరాలుగా బట్టలుతుకుతున్న బండను ఒకనాడు జేసీబీ తిరగేసింది. అడుగున అక్షరాలు! పైన సూర్యచంద్రులు, నడుమ లింగం, పక్కన దూడకు పాలిస్తున్న ఆవు. వారం తిరక్కుండా శాసన పరిరక్షణ కమిటీ వెలిసింది. అధ్యక్షుడెవరన్న చర్చే రాలేదు. ఆ ఊళ్లో ఏ కమిటీకైనా ఆయనే. చందాల్లో పెద్ద మొత్తం కూడా ఆయనదే, ఉన్నమాట చెప్పుకోవాలి.

శాసనాలు చదివే మాస్టారిని పిలిపించారు. ఆయన మట్టి తోమి, రాయి కడిగి, తడికాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన నల్లసిరా అద్దారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే తేలుతుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూసింది.

"బోర్లా ఉండబట్టి బతికిపోయాయి. లేకపోతే ఈ ఉతుకుళ్లకు ఎప్పుడో అరిగిపోయేవి" అని మాస్టారు మురిసిపోయారు.

ఆదివారం సభ. షామియానా, మైకు, శాలువాలు. మాస్టారు చదివారు: కాకతీయ గణపతిదేవుడి ఏలుబడి, అంటే రామప్ప గుడి కట్టిన 1213 నాటి రోజులే. ఊరి శివాలయానికి ధూపదీప నైవేద్యాల కోసం చెరువు కింద నేల దానం. చప్పట్లు మోగాయి. తర్వాత హద్దులు. తూర్పున చెరువు కట్ట, దక్షిణాన వాగు, పడమర జంట గుండ్లు, ఉత్తరాన ఊరి బాట.

కట్టా, వాగూ, గుండ్లూ, బాటా ఇన్ని వందల ఏళ్లలో ఎక్కడికీ పోలేదు. నడుమ నేలే వెంచర్ అయింది. తెల్లరంగు హద్దురాళ్లు, కమాను, రెండొందల గజాల ప్లాట్లు. అధ్యక్షుడివే.

మాస్టారు పరాయి ఊరి మనిషి, ఆయనకేం తెలుసు? చివరి శాపం కూడా గొంతెత్తి చదివారు. ఇచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడట. దానశాసనాల్లో తరచూ కనిపించేదే. ఆనాటి రిజిస్ట్రేషన్ ఆఫీసు అదే మరి. మైకు ఆ మాటను చెరువు అవతలి గట్టు దాకా మోసింది. ఈసారి చప్పట్లు లేవు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ మాత్రం "ఇంకోపాలి సదువు సారూ" అంది.

అధ్యక్షుడు చిరునవ్వు చెదరకుండా మాస్టారికి శాలువా కప్పారు.

దసరా సెలవుల్లో అటుగా వెళ్తూ మాస్టారు ఆగారు. అన్నమాట ప్రకారం గద్దె కట్టారు. చుట్టూ స్టీలు రెయిలింగు, పైన రేకుల కప్పు. గద్దె మీద బండను పడుకోబెట్టి నాలుగు వైపులా సిమెంటు పట్టించారు. నున్నటి వైపు పైకుంది. దాని మీద కమిటీ సభ్యుల పేర్లు చెక్కించి, బంగారు రంగు నింపారు.

"అక్షరాలేవండీ?" అన్నారు మాస్టారు.

"కిందికి పెట్టిచ్చిన సార్" అన్నాడు అధ్యక్షుడు వినయంగా. "బోర్ల ఉండవట్టే బతికినయని మీరే అంటిరి గద!"