బావ చెప్పిన ఉపాయం

లాల్‌దర్వాజా నుంచి యారాండ్లిద్దరూ కలిసి మా బస్తీ దవాఖానకు వచ్చారు. చిన్నామె చంకలో ఎనిమిది నెలల పిల్లవాడు. ఇంకా పాలు తాగుతున్నాడు. కాన్పు తర్వాత ఆమెకు ముట్టు రానేలేదు, అందుకే అనుమానం కూడా ఆలస్యంగా కలిగింది. పరీక్ష పట్టీ మీద రెండు గీతలూ తేలాయి.

"ఎట్లయితది మేడం? మా ఆయన చూసుకుంటడు గదా!"

ఈ మాట నాకు కొత్త కాదు. చూసుకుంటడు, ముందే ఆగుతడు, ఏం గాదన్నడు. మా బెంచీ మీద పక్కపక్కన కూర్చునే హిందూ, ముస్లిం ఆడవాళ్లు ఇద్దరూ ఇదే చెబుతారు. ఇస్లామీ ధర్మశాస్త్రంలో దీన్ని అజ్ల్ అంటారు. దానికి భార్య సమ్మతి ఉండాలని హనఫీ పండితులు వందల ఏళ్ల కిందటే రాశారు. నా ముందుకొచ్చే ఆడవాళ్లలో, 'మా ఆయన నన్ను అడిగాడు' అన్న మనిషి మాత్రం నాకు గుర్తు లేదు.

"ఎవరు చెప్పిండ్రమ్మా ఈ ఉపాయం?"

"మా బావ."

బావ పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణంలో పనిచేస్తాడు. ఆయన మాటకు ఇంట్లో ఎదురు లేదు. తమ్ముడికి కొడుకు పుట్టగానే పక్కన కూచోబెట్టుకుని చెప్పాడట: నిరోధ్ వద్దు, గోలీలొద్దు, సూదులొద్దు, మగోనికి అదుపుంటే సాలు, నాకు నాలుగేండ్లాయె, ఒక్కసారన్న తప్పిందా అని.

"నేను అక్కను గూడ అడిగిన మేడం. నిజమేనా అక్కా అంటే, ఆఁ నిజమే అన్నది."

పెద్దామె మాట్లాడలేదు. పిల్లవాణ్ని తన ఒళ్లోకి తీసుకుంది.

నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు. చెప్పవలసినదంతా చెప్పాను. వీర్యం పడకముందే ఊరే తడిలో కూడా కొందరికి వీర్యకణాలుంటాయి. ఆ తడి ఎప్పుడు ఊరిందో మగవాడికే తెలియదు, ఆపడం అతని వల్ల కాదు. మిగతాది అతని వల్ల అయ్యేదే అయినా, అలసిపోయిన రాత్రో, తాగొచ్చిన రాత్రో ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు. ఒక్కసారి కూడా తప్పకుండా పాటించిన 100 జంటల్లోనే ఏడాదిలో నాలుగింటికి గర్భం వస్తుంది. మామూలుగా ఇళ్లలో జరిగే తీరులో అయితే 20 జంటలకు. అతనికేదైనా సుఖవ్యాధి ఉంటే అదీ ఆగదు. అదే కాపర్-టీ వేయించుకుంటే 100 మందిలో ఏడాదికి గర్భం వచ్చేది ఒక్కరి కంటే తక్కువే. మూడు నెలలకోసారి వేసే అంతర సూది, ఛాయ మాత్ర 2017 నుంచి సర్కారు పథకంలో ఉచితంగా ఇస్తున్నారు. పాలిచ్చే తల్లులు కూడా వాడుకోవచ్చు.

మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా అది చేయించుకున్నవాళ్లే. అప్పటిదాకా, ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ నడుమ ఉండే ఏళ్లను మగవాడి అదుపు మీద వదిలేయడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

ఆ పిల్ల అన్నీ వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"మరి బావకు తప్పనిది మా ఆయనకెట్ల తప్పింది?"

"నీ మొగుని తప్పు గాదమ్మా. ఈ పద్ధతే అసుంటిది."

"ఆయనట్లనుకోడు మేడం. నేనైతే తప్పలే, అన్నకు తప్పలే, మరి ఇదెట్లొచ్చింది అని నన్నడుగుతడు." గొంతు పూడుకుపోయింది. "నన్ను అనుమానిస్తే నేనేం జెప్పాలె?"

పెద్దామె వైపు తిరిగి, ఇంటికెళ్లాక నువ్వయినా మీ మరిదికి నచ్చజెప్పమ్మా అన్నాను. ఆమె తలొంచుకుని పిల్లవాడి అంగీ గుండీలు సర్దుతూ ఉండిపోయింది.

ఉంచుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టమని చిన్నామెకు చెప్పాను. దంపతులు వాడుతున్న పద్ధతి విఫలమై గర్భం వస్తే 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయంతో తీయించుకోవచ్చు, నీ సమ్మతి చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు అన్నాను. కళ్లు తుడుచుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

తలుపు మూసుకున్నాక పెద్దామె బెంచీ మీద నా వైపు జరిగింది. పర్సు అరలోంచి మడతలు పడ్డ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. పేట్లబురుజు ప్రసూతి దవాఖాన కార్డు అది.

"కాన్పయిన తెల్లారే కాపర్-టీ ఏయించుకున్న మేడం. మా ఆయనకు తెల్వదు. పదేండ్లు పనిజేస్తదన్నరు." ఆమె ఒకసారి డాక్టరమ్మ గది వైపు చూసింది. "ఇంకా ఆరేండ్లు నాకు ఢోకా లేదు గదా?"