బ్లూకార్డు అన్న

జర్మనీలో పదిమంది తెలుగువాళ్ళు పోగైన ఏ ఊళ్ళోనైనా ఒక బ్లూకార్డు అన్న ఉంటాడు. మా డ్యూసెల్‌డార్ఫ్ అన్నని ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ‘అన్నా’ అనే పిలుస్తారు. వీసా సంగతులు అడగాల్సిన మనిషిని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికుంటుంది? మాస్టర్స్‌కి వచ్చాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది, బయటిదేశాల నిపుణులకి యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాలిచ్చే పర్మిట్, అదే బ్లూకార్డు, చేతికొచ్చింది. ఆ రోజు మొదలు అన్న జర్మనీ వదిలి ఇంకో దేశం వెళ్ళిపోతూనే ఉన్నాడు. ఇల్లు మాత్రం ఇప్పటికీ అదే మూడో అంతస్తు.

అన్న లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు ఉంది. అడ్డంగా దేశాలు, నిలువుగా జీతం, పన్ను, ఇంటద్దె, శాశ్వత నివాసానికి (పీఆర్) ఎన్నేళ్ళు, పిల్లల క్రెష్ ఫీజు, సోనా మసూరి బస్తా ధర, హైదరాబాద్‌కి ఎన్ని ఫ్లైట్లు మారాలి. అన్నిట్లో నెగ్గిన దేశానికి పచ్చరంగు పూస్తాడు. ఆ పచ్చరంగు నెలకో దేశం తిరుగుతుంది.

ఒక నెల లక్సెంబర్గ్. “బస్సు, ట్రాము, రైలు అన్నీ ఫ్రీ, 2020 నుంచీ” అని ఊరంతా చెప్పాడు. “రోజంతా బస్సులో తిరగడానికా మనం వెళ్ళేది?” అంది వదిన. పచ్చరంగు చెరిగిపోయింది. తర్వాత ఐర్లండ్. ఇంగ్లీషుతో బతికేయొచ్చని సంబరపడ్డాడు. కానీ బ్లూకార్డు పథకంలో ఐర్లండూ లేదు, డెన్మార్కూ లేదు. పర్మిట్ పని మొదటినుంచీ మొదలుపెట్టాలి. పైగా డబ్లిన్ అద్దెలు చూసి అన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. స్విట్జర్లాండ్ జీతాలు చూసి మళ్ళీ లేచి కూర్చున్నాడు. అది అసలు ఈయూలోనే లేదు, మన పాస్‌పోర్టువాళ్ళకి ఏటా ఇన్నే పర్మిట్లని కోటా ఉంది అని తెలిసి మళ్ళీ పడుకున్నాడు.

అన్న మనసు నిజంగా పడింది నెదర్లాండ్స్ మీద. బయటి నుంచి తెచ్చుకున్న నిపుణులకి అక్కడ జీతంలో 30 శాతం దాకా పన్ను లేకుండా ఇవ్వొచ్చు. 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతుందని కూడా ముందే కనిపెట్టి, “త్వరపడాలి” అన్నాడు. తీరా చూస్తే అందులో ఒక మెలిక. ఉద్యోగంలో చేరే ముందు రెండేళ్ళలో 16 నెలలకి పైగా డచ్ సరిహద్దుకి 150 కిలోమీటర్ల అవతల కాపురం ఉన్నవాళ్ళకే ఆ రాయితీ. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి సరిహద్దు కారులో గంట కూడా పట్టదు. అన్న మ్యాపులో స్కేలు పెట్టి కొలిచాడు. వంకరగా కొలిచాడు. అయినా చాలలేదు. చివరికి తేల్చిందేమిటంటే, పశ్చిమాన ఉన్న నెదర్లాండ్స్ వెళ్ళాలంటే ముందు తూర్పున బెర్లిన్‌కి కాపురం మార్చాలి. ఆ మాట విని వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు అన్న ఎందుకు కదలడో తెలుసుకోవాలంటే ఆయన చెప్పే కారణాలు వరసగా వినాలి. బ్లూకార్డు మీద పన్నెండు నెలలు గడిస్తే ఆ పథకంలో ఉన్న ఇంకో దేశంలో ఉద్యోగం చూసుకుని వెళ్ళొచ్చు. వెళ్ళిన నెలలోపు అక్కడి కార్డుకి అర్జీ పెట్టుకోవాలి, అంతే. పన్నెండు నెలలూ అయ్యాయి. “ఇప్పుడెలా వెళ్తాం? బీ1 భాష పాసైతే 21 నెలలకే ఇక్కడ పీఆర్, అది పట్టుకుని పోదాం” అన్నాడు. బీ1 పాసయ్యాడు. సర్టిఫికెట్ ఫైల్లో పెట్టాడు, భాషని కూడా దాంతోపాటే పెట్టేశాడు. ఈనాటికీ బేకరీలో రొట్టె కావాలంటే అద్దం మీద వేలు పెట్టి చూపిస్తాడు. పీఆర్ వచ్చింది. “ఈ దేశం వదిలి ఇంకోచోట స్థిరపడితే ఈ పీఆర్ పోతుంది. పాస్‌పోర్టు పట్టుకుని పోదాం” అన్నాడు. 2024 జూన్‌లో జర్మనీ పౌరసత్వానికి ఎనిమిదేళ్ళ గడువుని అయిదేళ్ళకి తగ్గించింది. అర్జీ పెట్టాడు. ఆ పాస్‌పోర్టు ఉంటే యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశంలోనైనా పర్మిట్ లేకుండా పనిచేసుకోవచ్చు, స్విట్జర్లాండ్ కోటా కూడా వర్తించదు. ఇంక ఏ అడ్డూ లేదనుకున్నాం.

అంతలో తెనాలి నుంచి అన్నకి వాళ్ళ నాన్నగారి ఫోన్ వచ్చింది. “ఒరేయ్, మన పొలం పక్క ఎకరం అమ్మకానికొచ్చింది, నీ పేరున తీసుకుంటావా?” భారతదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు వస్తే మన పాస్‌పోర్టు అప్పజెప్పి విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఓసీఐవాళ్ళకి వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు గానీ కొనుక్కునే వీల్లేదు. ఆ రాత్రి ఎక్సెల్ షీటులో ‘ఎకరం’ అని ఇంకో గడి పెరిగింది. అన్న ఇప్పుడు అక్కడ ఆగి ఉన్నాడు.

ఈలోగా అన్న సలహాతో వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోతూనే ఉన్నారు. మొన్నామధ్య ఆదివారం వాళ్ళింట్లో బిర్యానీ. పుదీనా పచ్చడికి మిక్సీ తిప్పితే కింది అంతస్తు జర్మన్ మామ్మ కర్రతో కప్పు పొడుస్తుందని, వదిన రోట్లో నూరుతోంది. ఆఖెన్‌లో చదువు ముగించిన ఒక చెల్లెలు మిఠాయి డబ్బాతో వచ్చింది. అయింధోవెన్‌లో ఉద్యోగం. ర్యాంకులో పైనున్న విదేశీ యూనివర్సిటీలో మాస్టర్స్ చేసినవాళ్ళకి, పట్టా వచ్చిన మూడేళ్ళలోపు అడిగితే, ఉద్యోగం వెతుక్కోవడానికి నెదర్లాండ్స్ ఏడాది పర్మిట్ ఇస్తుందని ఆమెకి చెప్పింది అన్నే.

అన్న స్వీటు నోట్లో వేసుకునే ముందే మొదలుపెట్టాడు. “అబ్‌మెల్డుంగ్ చేశావా, అదే, ఇక్కడి చిరునామా నమోదు రద్దు? ఇల్లు ఖాళీ చేసిన రెండు వారాల్లోపు చెయ్యాలి. వెళ్ళగానే అక్కడ మున్సిపాలిటీలో నమోదు చేయించుకుని బీఎస్ఎన్ నంబరు తీసుకో, జీతానికి అది కావాలి. ఇక్కడ కట్టిన పెన్షన్ పోయిందనుకోకు, రెండు దేశాల ఏళ్ళూ కలుపుతారు. కాయితాలు దాచుకో.”

“సరే అన్నా.”

“అన్నట్టు ఆఖెన్ సరిహద్దులోనే ఉంది కదమ్మా, ఆ 30 శాతం నీకు రాదే!”

“రాకపోతే మానె అన్నా. ఉద్యోగం వచ్చిందిగా!”

అన్న ఆ పిల్ల వంక జాలిగా చూశాడు. లెక్క చూసుకోకుండా దేశం మారేవాళ్ళని చూస్తే ఆయనకి ఎప్పుడూ జాలే.

అయినా నవ్వి వదిలేయాల్సిన మనిషి కాడు. ఏజెంట్లు డబ్బు గుంజి సగం చెప్పే విషయం ఈయన టీ పోసి మరీ పూర్తిగా చెప్తాడు. చెప్పిన నిబంధన మారితే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి దిద్దుతాడు. కాబట్టి యూరప్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశం వెళ్ళాలనుకునేవాళ్ళు మీ ఊరి బ్లూకార్డు అన్నని తప్పకుండా కలవండి, చెప్పిందంతా రాసుకోండి. ముహూర్తం మాత్రం ఆయన్ని అడక్కండి, మీరే పెట్టుకోండి.