‘సౌండు కాస్త తగ్గించండి’ — సవ్యాఖ్యానము

మూలము: ఏమండీ, ఆ సౌండు కాస్త తగ్గించండి, పిల్లలు పడుకున్నారు.

అవతారిక: రాత్రి పది గంటలు దాటి, వీథితలుపు గడియపడి, వంటింట గిన్నెల చప్పుడు సద్దుమణగిన పిమ్మట, గృహస్థుడు తన యాంప్లిఫయరును మేల్కొలిపి, రెండు స్పీకర్ల నడుమ పడకకుర్చీ వాల్చి, కచేరీ నాలకింపబూనిన వేళ, లోపలిగదినుండి వెలువడు మహావాక్యమిది. దీనికి కర్త్రి గృహిణి; రసము మొదటిసారి శాంతము, రెండవసారి చెప్పవలసివచ్చినచో రౌద్రము. కొన్ని ఇండ్లలో ‘తగ్గించండి’ యనుచోట ‘కట్టేయండి’ యను పాఠాంతరము గలదు గాని, అందు వ్యాఖ్యాతకు పనిలేదు.

ప్రతిపదార్థము: ఏమండీ = ఓ భర్తా (ప్రశ్నవలె తోచును గాని ప్రత్యుత్తరము నపేక్షింపదు); ఆ = నాకు సంబంధము లేనట్టియు నీకే ప్రీతికరమైనట్టియు; సౌండు = విద్వాంసుడు గంటసేపు విస్తరించిన తోడిరాగాలాపనము; కాస్త = దీని సంగతి క్రింద చెప్పబడును; తగ్గించండి = ఇందలి బహువచనము మర్యాద, క్రియ ఆజ్ఞ; పడుకున్నారు = నిద్రించిరి; లేచినచో మరల జోకొట్టవలసినవాడవు నీవే యని ధ్వని.

‘కాస్త’ యనుచోట పూర్వవ్యాఖ్యాత లందరును జారిపడిరి. నాబును వెనుకకు త్రిప్పినచో పాట యంతయు సమముగా చిన్నదగునని వారి భ్రాంతి. నిజమునకట్లు జరుగదు. గాత్రము మిగులును, మృదంగమున వలంతల చాపు టకటకమని వినవచ్చును, ఎడమప్రక్క తొప్పి పలికెడు మంద్రనాదము మాత్రము ఎచటికో పోవును, తంబురా క్రిందితంతి యున్నదో లేదో యను సందేహము గల్గును, విద్వాంసుడు టెలిఫోనులో పాడుచున్నట్లుండును. ఇచట పూర్వపక్షి లేచి, దోషము యంత్రమున నున్నది, వేలకువేలు పోసి లావుపాటి తీగలు కొని తగిలింపుడనును. ఈ వాదము అంగళ్లలో మిక్కిలి ప్రచారమున నున్నది.

సిద్ధాంతి యనునది యేమన, దోషము తీగలది కాదు, చెవిది. అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లో ఈ రహస్యమును కొలిచి ప్రకటించిరి. తరువాతివారు ఆ కొలతలను సవరించిరే గాని తత్త్వమును కాదనలేదు. 1000 హెర్ట్జుల స్వరము 80 డెసిబెళ్ల బలమున ఎంత గట్టిగా తోచునో, 100 హెర్ట్జుల మంద్రస్వరము నంత గట్టిగా తోపించుటకు సుమారు 92 వలయును. అదే పైస్వరమును 40కి దింపినచో, దానికి సరిజోడుగా మంద్రమునకు సుమారు 64 కావలెను. అనగా మంద్రమును 28 మాత్రమే తగ్గింపవలసియుండగా, పాపము తారతమ్య మెరుగని నాబు దానిని గూడ 40 తగ్గించినది. ఆ 12 డెసిబెళ్ల లోటే మన తొప్పిని మ్రింగినది.

పాతకాలపు యాంప్లిఫయర్లమీద ‘లౌడ్‌నెస్’ అని చెక్కిన మీట యీ లోటు పూడ్చుటకే పుట్టినది. దాని పేరు చూచి గృహిణులు భయపడుదురు గాని, అది తక్కువ శబ్దమున వినువానికై చేసిన యుపకారము; పగటిపూట గట్టిగా పెట్టినపుడు దానిని మరచి యట్లే యుంచువాడే ఇంటిని దద్దరిల్లజేసి అపకీర్తి తెచ్చును. యమహా వారు కొన్ని యాంప్లిఫయర్లయందు దీనికై ప్రత్యేకముగ నొక నాబే పెట్టిరి: ముందు వాల్యూమును నిండుశ్రవణమునకు సరిచేసికొని, పిదప ఈ రెండవ నాబుతో క్రిందికి దిగవలయును. ఏదియు లేనివాడు రాత్రి బేసును కొంచెము హెచ్చించి, స్పీకర్లను గోడవైపునకు జరుపుకొనిన చాలును. గోడ సామీప్యము మంద్రమును పెంచును, దానికి బిల్లు రాదు.

ఇక ‘సౌండు’ అను పదమునకు రెండవ యర్థము గలదు, అది పంకా. తార్కికులు ‘అభిభవము’ అనునది యిదియే: పగలు నక్షత్రములు ఆకాశమున లేకపోలేదు, సూర్యతేజముచే కప్పబడినవి. వైణికుడు మీటిన తంతి చల్లారుచు చల్లారుచు సన్నని కొసకు వచ్చునప్పటికి, అయిదవ నంబరున తిరుగు సీలింగుఫ్యాను దానిని హరించును. మనము వాల్యూము పెంచుదుము. మూలవాక్యము మరల పుట్టును. ఫ్యానును రెండవ నంబరుకు దింపినవాడు పాటను పెంచకయే పెంచినవాడగును. వైశాఖమాసమున విజయవాడవారి కీ యుపాయము చెప్పుటకు నాకు నోరు రాదు.

వారికి కుర్చీయే శరణ్యము. స్పీకరునకు మనకు గల దూరము సగమైనచో నేరుగా వచ్చు ధ్వని 6 డెసిబెళ్లవరకు హెచ్చును, పిల్లల గదికి పోవునది మాత్రము హెచ్చదు. అందును మొజాయిక్ నేల, సున్నపుగోడలు గల మన యిండ్లలో దూరమున గూర్చున్నవానికి పాటకంటె ప్రతిధ్వనియే యెక్కువ. కావున రెండు స్పీకర్లును తానును సమత్రిభుజమై, ట్వీటర్లు చెవుల యెత్తున నుండునట్లు దగ్గరగా గూర్చుండవలెను. బీరువామీది కెక్కించిన స్పీకరు సాలెగూళ్లకు పాడును.

మరియొక సూక్ష్మము. కొన్ని యంత్రములలో నాబు మొదటి గీతల యొద్ద ఎడమ కుడి సమముగ పలుకవు. గాయకుడు ఒకప్రక్కకు ఒరిగి నిలుచును. పాట వచ్చు ఫోనులోనో ప్లేయరులోనో శబ్దము తగ్గించి, నాబును కొంచెము పైకి తెచ్చినచో అతడు నడుమకు వచ్చును.

హెడ్‌ఫోను శాఖవారు ఇంత వ్యాఖ్య యేల, చెవులు మూసికొని వినుమందురు. వారిది కేవలాద్వైతము: వినువాడొక్కడే సత్యము, తక్కిన యిల్లు మిథ్య. అయితే మూలమున నున్న ‘ఏమండీ’ వారికి వినబడదు గనుక, ఈ వాక్యమునకు వ్యాఖ్య చేయు నధికారము వారికి లేదు.