వంకర కత్తి సరదా

ఆత్రేయపురంలో పొరలంటే జనానికి లోకువ. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగి, ఊపిరి తగిలితే చిరిగే పూతరేకు తీసే ఊరిది. అలాంటి చోట ఇనుమూ నికెలూ పొరలు పొరలుగా అతికించి జావా వాళ్ల క్రిస్ బాకు చేస్తే ఏం మర్యాద దక్కుతుంది? మా పిన్ని దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, "పొరలు దళసరిగా వచ్చాయిరా" అంది. 2005లో యునెస్కో గుర్తించిన విద్య పిన్నీ అన్నాను. "మన రేకులకీ 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పైగా అవి తినొచ్చు."

జావాలో ఈ పని చేసే కమ్మరిని ఎంపు అంటారు. మొదలుపెట్టే ముందు ఆయన ఉపవాసం ఉంటాడట. మా ఇంట్లో అది కుదిరే పని కాదు. మిగతావి కుదిరాయి: లారీ కమాను పట్టీ, కొబ్బరి చిప్పల బొగ్గు, వెలిగారం. కాగిన ఇనుము మీద కట్టే నల్ల పెచ్చును వెలిగారం కరిగించేస్తేనే పొరకు పొర అతుకుతుంది.

కొలిమి మా కమ్మరి బాబాయిది. "ఆయ్, వంకర పోయిన కత్తుల్ని తిన్నగా కొట్టమన్నోళ్లే గానండి, తిన్నగా ఉన్నదాన్ని వంకర కొట్టమన్నోళ్లు మీరేనండి. ఇంతకీ దీంతో ఏం కోస్తారండి, గెలా?"

వంకులు బేసి సంఖ్యలోనే ఉండాలి బాబాయ్, మూడు పెడదామన్నాను.

"మూడొద్దండి. ముగ్గురెళితే పెళ్లిచూపులే కుదరవు. అయిదెయ్యండి."

అయిదే వేశాం.

అసలు చిక్కు కడగడంలో వచ్చింది. జావాలో పాషాణం, నిమ్మరసం కలిపి పూస్తారు. ఇనుము నల్లబడుతుంది, నికెలు మాత్రం తెల్లగా మెరుస్తూ నిలుస్తుంది. నేను పాషాణం జోలికి పోకుండా సర్క్యూట్ బోర్డులకు వాడే ఫెర్రిక్ క్లోరైడ్‌తో సరిపెట్టి, శుభ్రం చేయడానికి మాత్రం నిమ్మకాయలు వాడాను. పెరట్లో వంకర కత్తి, కోసిన నిమ్మచెక్కలు, మసి కొట్టుకుపోయిన నేను. రోజూ గోడ మీంచి పేపరడిగే పక్కింటాయన మర్నాటి నుంచి సొంత పేపరు వేయించుకున్నాడు. ఆయన్నని లాభం లేదు. జావాలోనూ సూరో నెల వస్తే క్రిస్‌లను కడిగి ధూపం వేస్తారు.

నలుపు మీద తెల్లగా, బియ్యపు గింజలు ఒలికినట్టు మచ్చలు తేలాయి. అలాంటి నమూనా ఇంట్లో ఉంటే సిరి అని వాళ్ల నమ్మకం. "బియ్యం ఒలికితే సిరేమిటిరా?" అంది పిన్ని, చీపురు కోసం చూస్తూ.

ఇక మిగిలింది చట్టం. ఆయుధాల నియమాల జాబితాలో బాకులున్నాయి, 9 అంగుళాలు దాటిన కత్తులూ ఉన్నాయి. ఇంటి పనికీ సాగుకూ చేసిన కత్తులకు మాత్రం మినహాయింపు. ఈ మాట చెవినపడగానే బాబాయి ముఖం వెలిగింది.

"నేను ముందే అడిగానా లేదా అండి? గెలకత్తని చెప్పెయ్యండి. ఎవరైనా గెల కోసి చూపించమంటే మాత్రం నన్ను పిలవకండి."