శకునిగారి సేవాకేంద్రము

గుంటూరు మిర్చియార్డులో కాటా వేయించిన టిక్కీలకు సొమ్మెప్పుడని రైతు అడిగినచో, కమీషన్ వ్యాపారి రేపనియో, ఎల్లుండియనియో, ఎగుమతిదారు పంపలేదనియో చెప్పును. చెప్పినది బొంకే యైనను, బొంకుటకొక నోరును, ఆ నోటికొక ముఖమును, ఆ ముఖము దొరకుటకొక దుకాణమును కలవు. సెల్‌ఫోనులో జూదశాలలు నడుపు మహనీయులన్ననో, ఈ మూడింటిని పరిత్యజించి, వేదాంతులు చెప్పు నిరాకార నిర్గుణ స్థితిని పొంది, మన ధనమునందు మాత్రమే ఆసక్తి నిలుపుకొని వెలయుచున్నారు.

బ్రాడీపేటలో నివసించుచు, ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగిరి చేయు మా మిత్రుడొకడు అట్టి శాలయందు రమ్మీ యాడుచుండెను. ఆయన సొమ్ము వేసినపుడు నీవెవరవు, నీ యూరేది యని యడిగిన పాపాత్ముడు లేడు. బొటనవ్రేలు కదలించినంతనే సమర్పణము పూర్తియయ్యెడిది. దైవమొకనాడు కన్ను గానక అరువది వేలు ప్రసాదింపగా, ఆ మొత్తమును చేతికిమ్మని ఆయన కోరినంతనే, వారికి ఆధారు కావలసెను, పాన్ కార్డు కావలసెను, ఆధారును చెంపకు ఆనించి పట్టుకొనిన ఛాయాచిత్రమును కావలసెను. అన్నియు అందిన పిమ్మట, అందు గుంటూరను పేరు చూచి దిగ్భ్రాంతులై, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టమును 2020లో సవరించి ఇట్టి యాటలను నిషేధించిరను సంగతి అప్పుడే స్మృతికి రాగా, శాసనోల్లంఘనమును సహింపజాలక వారు ఖాతాను స్తంభింపజేసిరి. ఓడినంతకాలము ఏ దేశపు పౌరుడో వారికి పట్టని మనుష్యుడు గెలిచిన క్షణముననే గుంటూరువాడయ్యెను.

ఫిర్యాదులు వినుటకు 'ప్రియ' యను నొక యంత్రకన్యక కలదు. మా మిత్రుని యావేదనను సంపూర్ణముగ గ్రహించితిననియు, 72 గంటలు ఓపిక వహింపవలయుననియు ఆమె మృదుమధురముగ సెలవిచ్చి, ఆ గడువు తీరిన పిదప తిరిగి అదియే సెలవిచ్చును. ఆమెను నిందింపరాదు. కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు భీష్ముడంతవాడే ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పించుకొనలేదా? అయినను శకుని పక్షమున ఒక్కమాట చెప్పక తీరదు: ఆయన ఎదుట కూర్చుండియే పాచికలు వేసెను గాని, తన చిరునామాను కరీబియను సముద్రమందలి కురసావో ద్వీపమున దాచుకొనలేదు.

మిత్రుడు వకీలును ఆశ్రయించెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒడంబడిక చెల్లదనియు, గెలుపు సొమ్మునకు దావా పడదనియు వకీలు చెప్పగా, రమ్మీ ప్రధానముగ నేర్పుతో కూడిన యాటయని సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టే పలికినది గదా యని మిత్రుడు తన పాండిత్యమును ప్రదర్శించెను. డబ్బు పెట్టి యాడు ఆన్‌లైన్ ఆటలలో నేర్పును, అదృష్టమును 2025 ఆగస్టు నాటి పార్లమెంటు చట్టము ఒకే గాటన కట్టినదని వకీలు బదులిచ్చి, 2020 సెప్టెంబరులో నిషేధమును నిర్ణయించినపుడు రాష్ట్ర మంత్రివర్గము ఆడువారికిని ఆరు నెలల జైలని ప్రకటించిన సంగతిని జ్ఞప్తి చేసి, "మీరిచ్చే ఫిర్యాదే మీ నేరాంగీకారం అవుతుంది, ఆలోచించుకోండి" అనెను. నిషేధము మా మిత్రుని యాటను ఆపలేకపోయెను గాని, ఆయనకు రావలసిన బాకీని దిగ్విజయముగ ఆపినది! నష్టపోయినవాడు నోరు విప్పజాలకుండుటయే ఈ వ్యాపారమునకు మూలధనము.

ఇట్లు నిరాశుడైన మిత్రుడు ఫిర్యాదుల పట్టికలో 'సొమ్ము రాలేదు' అను దానిని విడిచి, విసుగున 'సొమ్ము వేయుట కుదరలేదు' అను దానిని నొక్కెను. నిమిషము గడువకముందే, సజీవుడైన మనుష్యుడొకడు స్వయముగ ఫోను చేసి, "అన్నగారూ, బాగున్నారా? ఇబ్బందేమిటండీ? వెయ్యి వేయండి, ఇంకో వెయ్యి మేం కలుపుతాం" అని అచ్చమైన తెలుగులో ఆప్యాయముగ పలికెను. ఖాతా స్తంభించినది నిర్గమనమునకే గాని ఆగమనమునకు కాదట. ఇన్ని దినములకొక మానవకంఠము వినబడెనను కృతజ్ఞతాభారమున మా మిత్రుడు ఆ వెయ్యియు వేసెను.