వినబడని యంత్రము: ఒక యాటవెలదికి టీకా తాత్పర్యములు

అవతారిక: ఆర్కెస్ట్రాలో బేసు గిటారు వాయించు నొక యువకుడు, సన్నతీగపై బలికించిన స్వరము సభ చివరి వరుసకు జేరకుండుటయు, లావుతీగపై బలికించినది స్పీకరు పెట్టెను గడగడలాడించుటయు జూచి విసిగి, ఈ హెచ్చుతగ్గులను సరిచేయు కంప్రెసరును గొనగోరి, చేతనున్న సొమ్ము స్వల్పమగుటచే వాద్యముల దుకాణదారు నెదుట నిలిచి యిట్లు విన్నవించుచున్నాడు.

మూలము:
వెలయు జౌక యగుచు వినబడకుండగా
బేసు తీగ యదురు బిగియ బట్టి
కొట్టు దెబ్బ చెడక కుదురుగా నడిపెడు
యంత్ర మెద్ది చెపుమ యంగడీశ!

టీక: అంగడీశ = ఓ దుకాణదారుడా! (తెలుగు అంగడికి సంస్కృతపు టీశుని నంటగట్టిన యీ కూర్పును వైయాకరణులు వైరిసమాసమని నిందింతురు గాక, బేరమునకు వచ్చినవాడు అమ్మువానిని దేవుని జేయుట లోకములో నున్నదే.) వెలయున్ చౌక యగుచు = ధరయు స్వల్పమై; వినబడకుండగా = తాను పనిచేయుచున్న జాడ శ్రోతకు దెలియనీయక; బేసు తీగ యదురు = 1951లో లియో ఫెండరు ప్రెసిషన్ బేసును విపణికి దెచ్చిన నాటనుండియు సెకనుకు సుమారు 41 మారులు కంపించుచున్న లావుతీగ మొదలగువాని యుద్ధతిని; బిగియ బట్టి = హద్దు మీరినపు డణచి; కొట్టు దెబ్బ చెడక = వ్రేలు తీగను దాకిన తొలిక్షణపు పదును పోకుండ; కుదురుగా నడిపెడు యంత్రము ఎద్ది = సమముగా సాగించు పెడలు ఏది? చెపుమ = చెప్పుము.

తాత్పర్యము: తక్కువ ధరకు, ఉన్నదో లేదో తెలియని వస్తువు కావలెనని భావము. ఇట్టి కోరికను విన్న దుకాణదారుడు నవ్వకుండుట యతని వృత్తిధర్మము.

విశేషములు: “వినబడకుండగా” అనునదియే యీ పద్యమునకు బ్రాణము. ధ్వని త్రెషోల్డను హద్దును దాటినంతనే యంత్రము దానిని దించును. నాలుగింట నొకటి యను రేషియోలో 12 డెసిబెళ్లు మీరిన స్వరము 3 డెసిబెళ్లకే నిలుచును. ఎంత దించవలె ననునది లెక్కల పని. ఎంత త్వరగా దించి యెంత త్వరగా విడువవలె ననుచోటనే యంత్రముల గుట్టు బయటపడును. లావుతీగ యొక్కమారు కంపించుటకు సుమారు 24 మిల్లీసెకనులు పట్టును; రిలీజు (విడుచు వ్యవధి) అంతకంటె వేగిరమైనచో యంత్రము స్వరముయొక్క బలమును విడిచి, ఒక్కొక్క తరంగము వెంటనే యెక్కుచు దిగుచు, దాని యాకృతినే చెరచును; వినువానికి దీగ బొంగురుపోయినట్లు తోచును. గిటారు తీగలలో మిక్కిలి లావైనదియు దీనికి రెట్టింపు వేగముతో కంపించును గనుక, గిటారుపై ముద్దుగా బలికిన పెడలు బేసుపై గరగరలాడుట కాశ్చర్యపడ బనిలేదు. అటాకు (దించు వ్యవధి) మిక్కిలి వేగిరమైనచో, బేసు వాదకుడు లారీ గ్రాహాము బొటనవ్రేలితో లోకమునకు నేర్పిన దెబ్బ మొద్దుబారును.

ఇచ్చట మతభేదము గలదు. టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ కంప్రెసరును ఆరాధించు కాంతివాదులు, దీపపు వెలుగునకు లోబడి నెమ్మదిగా విడుచునదియే సహజమందురు. బిల్ పట్నం 1967లో వెలువరించిన 1176ను గొలుచు ఎఫ్‌ఈటీ (ఒక విధమగు ట్రాన్సిస్టరు) వాదులు వేగమే ప్రమాణమందురు. ఇరువురి యంత్రములును మనోహరములే గాని, స్వరమునకు దమ రంగును బూయక మానవు. 1971లో డీబీఎక్స్ సంస్థను స్థాపించిన డేవిడ్ బ్లాక్‌మర్ త్రోవలో సాగు వీసీఏ (వోల్టేజిచే నడుపబడు యాంప్లిఫైయరు) మార్గమే యీ పద్యపు కోరికకు జేరువయని మా మతము.

ఇక వస్తునిర్ణయము. రెండే నాబులుగల డైనా కాంప్ పెడలు రసవంతమే యైనను, అటాకును రిలీజును వాయించువాని చేతికి విడివిడిగా నీయదు. టీసీ ఎలక్ట్రానిక్ వారి స్పెక్ట్రాకాంప్ పైకి నొక్క నాబే చూపినను, లోపల ధ్వనిని మూడు పాయలుగా జీల్చి వేర్వేరుగ నణచును గనుక, లావుతీగ యుద్ధతికి సన్నతీగ మెరుపు బలికాదు. ఎంఎక్స్‌ఆర్ ఎం87 వెల హెచ్చు. కాని యెంత యణచుచున్నదో చూపు దీపముల వరుస దాని నెత్తిన గలదు. చెవికి దెలియరాదని కోరినవాడు కంటికైనను దెలియగోరుట న్యాయము: మూడు నాలుగు డెసిబెళ్ల యణచివేత కంటె మించుచున్నచో ఇన్‌పుట్ నాబును తగ్గింపవలెను.

దుకాణములో నొక జాగ్రత్త వహింపవలెను. అంగడీశుడు ఔట్‌పుట్ నాబును రవంత పెంచి చూపును. బిగ్గరగా నున్నదెల్ల బాగుగా నున్నట్లే తోచుట మానవస్వభావము. కావున పెడలును ద్రొక్కినను ద్రొక్కకున్నను ధ్వని సమముగా నుండునట్లు సవరించుకొని, లావుతీగను మీటి తుదివరకు సాగనిచ్చి, అది యారిపోవువేళ బుసబుస పైకి లేచుచున్నదేమో వినవలెను.

పాఠాంతరము: నాలవ పాదమున “చెపుమ పాతమిత్ర” యను పాఠమును గొందరు చదువుదురు. యతిభంగమైనను అర్థలాభము గలదు; ఏలయన, ఒకరు వాడి విడిచిన పెడలు క్రొత్తదానికంటె చౌకగా దొరకును. అట్టి కొనుగోలులో నాబులు త్రిప్పునపుడు చిటపట వచ్చునేమో విని, 9 వోల్టుల అడాప్టరును గూడ నడిగి పుచ్చుకొనవలెను.